మన ఆరోగ్యం: కంటి డాక్టరు బోర్డు చదవడం ఎట్లా?

కళ్లు మసక వస్తున్నాయంటే మన వాడల్లో మనిషికి మూడు తలుపులు కనబడతాయి. ఒకటి చష్మా ఘర్. బయట "కంప్యూటర్ మీద ఉచిత కంటి పరీక్ష" అని రాసి ఉంటుంది. రెండోది మెడికల్ దుకాణం. కన్ను ఎర్రగా ఉందని చెబితే చాలు, చుక్కల మందు చేతిలో పెడతారు. మూడోది కంటి డాక్టరు దవాఖాన. మొదటి రెండూ సందు మలుపులోనే ఉంటాయి. రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటాయి. లైనులో కూర్చునే పని లేదు, షిఫ్టు పోదు. అందుకే మూడో తలుపు దాకా పోవడానికి మనవాళ్లకు ఏళ్లకు ఏళ్లు పడుతున్నాయి.

ఒక చెల్లెలు ఈ శీర్షికకు ఉత్తరం రాసింది. "అన్నా, చష్మా ఇచ్చేటాయన కూడా మిషన్ పెట్టే చూస్తడు గదా, ఆయన డాక్టరు కాదా? డాక్టరు దగ్గర పోతే కొత్తగ ఏం చేస్తడు? బోర్డు మీద అన్ని ఇంగ్లీషు అక్షరాలుంటయి, ఏది అసలుదో మాకెట్ల తెలుస్తది?" మంచి ప్రశ్న. ఈ నెల దానికే జవాబు.

ఎవరు ఎవరు?

కంటి పనిలో నలుగురు మనుషులు ఉంటారు. నలుగురూ అవసరమే. కానీ ఒకరి పని ఇంకొకరు చేయలేరు. మిల్లులో జాబర్ పని, ఫిట్టర్ పని, నేత పని వేరువేరుగా ఉన్నట్టే ఇది కూడా.

మొదటాయన అద్దాల దుకాణం మనిషి. చీటీలో రాసిన నంబరు ప్రకారం అద్దం కోసి, ఫ్రేములో బిగించి, ముక్కు మీద సరిగ్గా కూర్చునేట్టు చేస్తాడు. అది చేతి పని, నేర్పు కావాల్సిన పని. అయితే కంటి జబ్బు చూడడం ఆయన చదువులో లేదు.

రెండో మనిషి ఆప్టోమెట్రిస్టు. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల డిగ్రీ చదువుతారు. అందులో ఆఖరి ఏడాది ఆసుపత్రిలో శిక్షణ. చూపు కొలవడం, నంబరు తేల్చడం, కొన్ని జబ్బుల గుర్తులు పట్టి డాక్టరు దగ్గరికి పంపడం వీళ్ల పని. చదువుకున్న ఆప్టోమెట్రిస్టు ఉన్న దుకాణమైతే "ఇది నంబరు సంగతి కాదు, డాక్టరు దగ్గరికి పోండి" అని చెబుతారు. ఆ మాట చెప్పే దుకాణాన్ని నమ్మవచ్చు. ఎన్నిసార్లు పోయినా కొత్త చష్మానే ఇచ్చే దుకాణం దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

మూడో మనిషి సర్కారు దవాఖానల్లో, పెద్ద కంటి ఆసుపత్రుల్లో కనబడే నేత్ర సహాయకుడు లేక సహాయకురాలు. రెండేళ్ల శిక్షణ ఉంటుంది. చార్టు చదివించేది, చుక్కలు వేసేది, కంటి ఒత్తిడి కొలిచేది, క్యాంపులకు వచ్చేది వీళ్లే.

నాలుగో మనిషి కంటి డాక్టరు. జబ్బు తేల్చడం, మందు రాయడం, ఆపరేషన్ చేయడం ఈయన పని. మరాఠీలో నేత్రరోగ తజ్ఞ అని బోర్డు ఉంటుంది. ఈ మనిషి తయారు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేద్దాం.

పన్నెండో తరగతి తర్వాత ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏళ్ల చదువు, ఒక ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్ పని. మొత్తం ఐదున్నర ఏళ్లు. ఇక్కడికి ఆయన డాక్టరే, కానీ కంటి డాక్టరు ఇంకా కాలేదు. మళ్లీ ప్రవేశ పరీక్ష రాసి, సీటు దొరికితే మూడేళ్లు కంటి వైద్యం చదువుతారు. దాన్ని ఎం.ఎస్. అంటారు, కొన్నిచోట్ల ఎం.డి. అంటారు. జాతీయ బోర్డు పరీక్ష రాసినవాళ్లకు డి.ఎన్.బి. అని ఉంటుంది. రెండేళ్ల డిప్లొమా చేసినవాళ్ల పేరు వెనక డి.ఓ. లేదా డి.ఓ.ఎం.ఎస్. అని ఉంటుంది. పాత తరం డాక్టర్లలో చాలామందిది ఈ డిప్లొమానే, వాళ్లూ కంటి డాక్టర్లే. అంటే పద్దెనిమిదేళ్లకు మొదలుపెట్టిన పిల్లవాడు కంటి డాక్టరు అయ్యేసరికి ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లు వస్తాయి.

అక్కడితో ఆపనివాళ్లు ఇంకా ఒకటి రెండేళ్లు ఫెలోషిప్ చేస్తారు. కన్ను మనకు చిన్న గోళీ అంత కనబడుతుంది గానీ అందులో ఒక్కో భాగానికి వేరే నిపుణుడు ఉంటాడు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరకు కార్నియా డాక్టరు. కంటి వెనక తెరకు రెటీనా డాక్టరు. నీటికాసులకు గ్లాకోమా డాక్టరు. పిల్లల కళ్లకు, మెల్లకన్నుకు ఒకరు. రెప్పలకు, కన్నీటి గొట్టానికి ఇంకొకరు. మామూలు శుక్లానికీ చష్మాకూ ఇంత దూరం పోనక్కర్లేదు. మన ఊరి కంటి డాక్టరు "రెటీనా వాళ్లకు చూపించండి" అని చీటీ రాస్తే "ఈయనకు ఏమీ రాదు" అనుకోవద్దు. తన పని ఎక్కడిదాకానో తెలిసిన మనిషి అనుకోవాలి.

బోర్డు చూసేటప్పుడు అక్షరాలు లెక్కపెట్టకండి. ఎం.ఎస్., ఎం.డి., డి.ఎన్.బి., డి.ఓ.ఎం.ఎస్. లలో ఏదో ఒకటి ఉందా, పక్కన ఆప్తాల్మాలజీ అని గానీ నేత్ర అని గానీ ఉందా చూడండి. ఎం.ఎస్. అంటే ఎముకల ఎం.ఎస్. కూడా ఉంటుంది మరి. చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా చూడండి. అది వేయడం డాక్టరు బాధ్యత. కనబడకపోతే అడగడంలో తప్పు లేదు.

డాక్టరు కొత్తగా ఏం చేస్తాడు?

చష్మా ఘర్‌లోని కంప్యూటర్ మిషన్ ఒకే ఒక్కటి చెబుతుంది: మీ కంటికి సుమారుగా ఎంత నంబరు అద్దం కావాలో. కన్ను లోపల జబ్బు ఉందా లేదా అన్నది అది చెప్పదు. తేడా అక్కడే ఉంది.

డాక్టరు దగ్గర ముందు చార్టు చదివిస్తారు. చార్టు 6 మీటర్ల దూరం లెక్క. గది చిన్నదైతే అద్దం పెట్టి ఆ దూరం తెస్తారు. చీటీ మీద 6/6 అని రాస్తే చూపు బాగున్నట్టు. 6/60 అని రాస్తే, మంచి కన్ను 60 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని మీరు 6 మీటర్ల దగ్గరికి వస్తే గానీ చదవలేకపోతున్నారని అర్థం. ఈ అంకె రెండు కళ్లకూ వేరువేరుగా ఉంటుంది. చీటీ పారేయకుండా దాచుకుంటే, వచ్చే ఏడాది చూపు తగ్గిందా నిలిచిందా అన్నది మీరే పోల్చి చూసుకోవచ్చు.

తర్వాత గడ్డం ఒక పీట మీద ఆనించి కూర్చోబెడతారు. సన్నని గీతలాంటి వెలుతురు కంటి మీద పడుతుంది. దాన్ని స్లిట్ ల్యాంప్ అంటారు. కంటి ముందు భాగాన్ని ఎన్నో రెట్లు పెద్దగా చేసి చూపే దుర్భిణి అది. నల్లగుడ్డు మీద గీత పడిందా, పుండు ఉందా, లోపలి కటకం మసకబారిందా అన్నది అందులో తెలుస్తుంది.

ఆ తర్వాత కంటి ఒత్తిడి కొలుస్తారు. రక్తపోటు వేరు, ఇది వేరు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. ఆఖరున కనుపాప పెద్దది కావడానికి చుక్కలు వేసి అరగంట కూర్చోబెడతారు. తలుపు తెరిస్తే ఇల్లంతా కనబడినట్టు, కనుపాప తెరుచుకుంటే వెనక తెర, అక్కడి నరం, రక్తనాళాలు డాక్టరుకు కనబడతాయి. మన శరీరంలో కోత లేకుండా రక్తనాళాన్ని నేరుగా చూడగలిగే చోటు ఇదొక్కటే. ఈ చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, వెలుతురు గుచ్చుతుంది. ఆ రోజు సాంచాల దగ్గరికి పోవద్దు, బండి నడపవద్దు. ఒకరిని తోడు తీసుకపోవాలి.

ఇవన్నీ చేసే డాక్టరుకే మనం డబ్బు ఇవ్వాలి. బల్ల మీద నుంచే టార్చి కొట్టి రెండు నిమిషాల్లో చీటీ రాస్తే "సార్, వెనక తెర కూడా చూస్తారా?" అని మర్యాదగా అడగండి. ముఖ్యంగా 40 దాటినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు తప్పకుండా అడగాలి.

తెరిచిన కన్నే గోడకు తగిలితే

మన పేటలో కండెలు చుట్టే ఒక అవ్వ ఉంది. పేరు రాయడం లేదు. చూపు తగ్గిందని ఐదేళ్లలో మూడు చష్మాలు మార్చింది. ప్రతిసారీ కొత్తది పెట్టుకున్న రోజు "కొంచెం నయమే" అనేది. తలుపు గడపకు భుజం తగులుతుంటే వయసు అనుకున్నారు. పక్క నుంచి వచ్చే ఆటో కనబడకపోతే పరధ్యానం అనుకున్నారు. ఎదురుగా ఉన్న కండె మాత్రం బాగానే కనబడేది, పని చేసుకునేది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆఖరికి కొడుకు దవాఖానకు తీసుకపోతే, ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి నడిమి చూపు మాత్రమే మిగిలింది అని డాక్టరు చెప్పాడు.

దీన్నే తెలుగులో నీటికాసులు అంటారు. మరాఠీలో కాచబిందు, ఇంగ్లీషులో గ్లాకోమా. కంటి వెనక నరం మెల్లమెల్లగా చచ్చిపోతుంది. నొప్పి ఉండదు. చూపు ముందు అంచుల నుంచి తగ్గుతుంది, నడుమ ఆఖరున పోతుంది. పోయిన చూపు ఏ మందుతోనూ, ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. మిగిలినదాన్ని మాత్రం చుక్కల మందుతోనో, లేజరుతోనో, ఆపరేషన్‌తోనో కాపాడవచ్చు. కాబట్టి ఎంత ముందు పట్టుకుంటే అంత చూపు మిగులుతుంది. ఆ అవ్వ ఇప్పుడు రోజూ చుక్కలు వేసుకుంటుంది, మిగిలిన చూపుతోనే వంట చేసుకుంటుంది. చుక్కలు ఒక్క పూట కూడా మానవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఈ జబ్బు రక్తంలో వస్తుంది. ఇంట్లో ఒకరికి ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు అందరూ ఒకసారి ఒత్తిడి, నరం చూపించుకోవాలి. ఆ అవ్వ చెల్లెలికీ పరీక్ష చేస్తే మొదటి మెట్టులోనే దొరికింది. ఆమెకు ఇప్పటికి రెండు కళ్లూ బాగున్నాయి.

చత్వారం సిగ్గు కాదు

నలభై రాగానే సూదిలో దారం ఎక్కదు, తెగిన పోగు దొరకదు, బియ్యంలో రాయి కనబడదు. దీనికి మన పెద్దలు పెట్టిన పేరే చత్వారం. కంటి లోపలి కటకం గట్టిపడి దగ్గరికి సర్దుకోలేకపోవడం వల్ల ఇది వస్తుంది. జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. దగ్గరచూపు అద్దం పెట్టుకుంటే సరిపోతుంది. కానీ మన ఆడవాళ్లలో "అద్దాలు పెడితే ముసలిదాన్నంటరు" అని, మగవాళ్లలో "సేఠ్ చూస్తే చూపు పోయిందని పని తీసేస్తడు" అని వెనక్కు లాగే మాటలు ఉన్నాయి.

ఒక సంగతి చెబుతాను. అస్సాం తేయాకు తోటల్లో 40 దాటిన కూలీలకు దగ్గరచూపు అద్దాలు ఇచ్చి చూశారు. వాళ్లదీ మనలాగే ఎంత పని చేస్తే అంత కూలి. అద్దాలు ఇచ్చినవాళ్లు కోసిన ఆకు, ఇవ్వనివాళ్లతో పోలిస్తే ఐదో వంతు కంటే ఎక్కువ పెరిగింది. 2018లో పేరున్న వైద్య పత్రికలో ఆ లెక్కలు వచ్చాయి. మన దగ్గర మీటరు లెక్కన, కండె లెక్కన, వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునేవాళ్లు ఆ అంకెను గుర్తు పెట్టుకోవాలి. చష్మా పెట్టుకుంటే కూలి తగ్గదు, పెరుగుతుంది.

ఒక్క మాట మాత్రం వినండి. మొదటి దగ్గరచూపు అద్దాలు తీసుకునే రోజునే డాక్టరు చేత పూర్తి పరీక్ష చేయించుకోండి. నీటికాసులు ముదిరే వయసూ, షుగరు మొదలయ్యే వయసూ అదే. నేరుగా దుకాణంలో అద్దాలు కొనుక్కుంటే ఆ పరీక్ష జరగకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

శుక్లం, దాన్ని తీసే చేయి

శుక్లాన్ని మహారాష్ట్రలో మోతిబిందు అంటాం, తమిళనాడులో ఉన్న మనవాళ్లు కణ్‌పురై అని వింటారు. కంటి లోపలి కటకమే మసకబారుతుంది. చాలామంది పొర అంటారు గానీ, కంటి మీద వచ్చే పొర కాదది. ఏ చుక్కల మందుతోనూ కరగదు. ఆపరేషన్ ఒక్కటే దారి.

"ముదరనీ, అప్పుడు చేయిద్దాం" అనేది పాతకాలం మాట. కటకాన్ని మొత్తంగా బయటికి తీసే రోజుల్లో అది సరే. ఇప్పుడు 3 మిల్లీమీటర్లు కూడా దాటని కోతతో లోపలికి పోయి, శబ్ద తరంగాలతో కటకాన్ని ముక్కలు చేసి పీల్చి తీస్తారు. అందరూ లేజరు అంటారు గానీ ఎక్కువచోట్ల అది లేజరు కాదు. బాగా ముదిరి రాయిలా అయితే ముక్కలు చేయడం కష్టం, కొందరికి కంటి ఒత్తిడి పెరిగి నొప్పి కూడా వస్తుంది. పనికి అడ్డం వస్తోందంటే అదే చేయించుకునే సమయం.

ఆ ఆపరేషన్‌లో డాక్టరు రెండు చేతులూ రెండు కాళ్లూ పని చేస్తాయి. ఒక కాలు సూక్ష్మదర్శిని పెడలు మీద, ఇంకో కాలు ముక్కలు చేసే మిషన్ పెడలు మీద ఉంటుంది. గుంటమగ్గం మీద కూర్చున్న మన తాతలు కూడా చేతులతో, కాళ్లతో ఒకేసారి నేసేవాళ్లు గదా. కటకం వెనక ఉండే సంచి గోడ మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అది చిరగకుండా పని చేయాలి, ఎందుకంటే కొత్త కటకం కూర్చునేది ఆ సంచిలోనే. అందుకే నేర్చుకునే డాక్టర్లు ముందు మేక కళ్ల మీద చేయి తిప్పుతారు. తర్వాత పెద్ద డాక్టరు పక్కన నిలబడగా మనిషి కంటి మీద ఒక్కో మెట్టూ నేర్చుకుంటారు.

కొత్త కటకం వెనక కూడా ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం కిటికీ ప్లాస్టిక్ పగిలి కొందరు పైలట్ల కళ్లలో ముక్కలు దిగబడ్డాయి. ఆ ముక్కలకు కన్ను వాచిపోలేదని హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టరు గమనించాడు. అదే రకం ప్లాస్టిక్‌తో కటకం చేయించి 1949లో మొదటిసారి రోగి కంట్లో పెట్టాడు. అంతకుముందు శుక్లం తీసినవాళ్లకు సీసా అడుగంత మందం చష్మాలే గతి. మన తాతమ్మల ఫోటోల్లో ఆ చష్మాలు మీరు చూసే ఉంటారు.

మన దేశంలో ఆ కటకం పేదవాడి కంటి దాకా రావడంలో మదురైది పెద్ద చేయి. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మొదట కాన్పుల డాక్టరు కావాలనుకున్నారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర పోయాయి. కంటి వైద్యానికి మారి, ఆ వంకర వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకుని లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. సర్కారు కొలువు నుంచి 58 ఏళ్లకు రిటైరై, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. డబ్బు ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చేదానితో, ఇవ్వలేనివాళ్లకూ వైద్యం జరిగే పద్ధతి అది. పల్లెటూరి ఆడపిల్లలను తీసుకుని రెండేళ్లు శిక్షణ ఇచ్చి పరీక్షల పని వాళ్లకు అప్పగించారు. డాక్టరు సమయమంతా ఆపరేషన్‌కే మిగిలింది. 1992లో అక్కడే ఆరోల్యాబ్ పెట్టి కటకాలు తయారు చేయడం మొదలుపెట్టాక వాటి ధర బాగా దిగివచ్చింది.

మన తెలుగువైపు హైదరాబాదులో 1987లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలైంది. పెట్టింది డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు. గుంటూరులో, ఢిల్లీలో చదివి, అమెరికాలో పని చేసి తిరిగి వచ్చిన మనిషి. దానికి సాయం చేసిన సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుర్రతనంలో ఇల్లు వదిలి బొంబాయి వచ్చి, స్టూడియోల్లో చిన్నా చితకా పనులు చేసి పైకి వచ్చినవారు. మన తాతలు బతుకుదెరువుకు దిగిన ఊరే ఆయనా దిగింది. ఈ ఆసుపత్రికి భువనేశ్వర్, విశాఖపట్నం, విజయవాడలలో కూడా పెద్ద శాఖలు ఉన్నాయి. ఒడిశాలోని మనవాళ్లకు భువనేశ్వర్ దగ్గర, యానాం వాళ్లకు విశాఖ గానీ విజయవాడ గానీ అందుతుంది. అరవింద్‌కు మదురైతో పాటు కోయంబత్తూరు, తిరునల్వేలి, పాండిచ్చేరిలలో ఆసుపత్రులు ఉన్నాయి.

ఆపరేషన్‌కు ముందు అడగాల్సిన మాటలు నాలుగు. ఒకటి, వెనక తెర, నరం బాగున్నాయా? అవి పాడైతే శుక్లం తీసినా పూర్తి చూపు రాదు, ఆ మాట ముందే తెలుసుకోవాలి. రెండు, ఏ కటకం పెడుతున్నారు, ఎందుకు? మామూలు కటకం పెడితే దూరం బాగా కనబడుతుంది, దగ్గరకు చష్మా కావాలి. అది తక్కువ రకం కాదు, ఎక్కువమందికి సరిపోయేది అదే. "ఖరీదైన కటకమే మంచి కటకం" అని ఎవరన్నా తొందరపెడితే ఇంటికి వచ్చి ఆలోచించుకోండి, శుక్లం ఒక వారంలో మించిపోదు. మీ పని ఏమిటో, ఎంత దూరంలో చూస్తూ చేస్తారో మాత్రం డాక్టరుకు చెప్పండి. మూడు, ఎన్ని రోజులకు పనిలోకి పోవచ్చు? దూది రేణువులు ఎగిరే షెడ్డు అని చెప్పి అడగండి. నాలుగు, రాత్రిపూట నొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? క్యాంపులో చేయించుకునేవాళ్లు ఈ నాలుగో ప్రశ్న అడగకుండా బస్సు ఎక్కవద్దు. ఆపరేషన్ తర్వాత కన్ను ఎర్రబడి, నొప్పి పెరిగి, చూపు తగ్గితే తెల్లవారేదాకా ఆగకూడదు.

సాంచాల దగ్గర, రంగుల షెడ్డులో

ధోటా ఎగిరి కంటికి తగలడం మన పనిలో పాత ప్రమాదం. ధోటా కాపు జాలీ ఊడిపోతే బిగించేదాకా సాంచా నడపనని చెప్పడం మీ హక్కు. దెబ్బ తగిలి కన్ను చిరిగిందనిపిస్తే రుద్దవద్దు, కడగవద్దు, చుక్కలు వేయవద్దు, గట్టిగా కట్టు కట్టవద్దు. టీ కప్పులాంటిది ఏదన్నా బోర్లించి, కంటికి తగలకుండా పట్టీ వేసి నేరుగా కంటి దవాఖానకు పోవాలి.

రంగుల షెడ్డులో కాస్టిక్ సోడా, బ్లీచింగు, సున్నం లాంటివి పడితే మాత్రం దీనికి పూర్తిగా వేరు. ముందు నీళ్లు, తర్వాతే రిక్షా. నల్లా కింద కన్ను తెరిచి పట్టి కనీసం పావుగంట, వీలైతే అరగంట కడగాలి. ఆ పావుగంటే కన్ను నిలుపుతుంది. దవాఖానకు పరుగెత్తే తొందరలో కడగడం మానేస్తే దారిలోనే నల్లగుడ్డు కాలిపోతుంది.

నలక పడితే పైటకొంగుతో, అగ్గిపుల్లతో తీయడం, నాలుకతో తీయించుకోవడం, ఆకు పసరు, చనుబాలు పోయడం మన వాడల్లో ఇంకా ఉన్నాయి. చేసేవాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ చిన్న గీత పడిన నల్లగుడ్డులోకి క్రిములు పోతే పుండు అవుతుంది. మానినా తెల్లని మచ్చ మిగిలి చూపును కమ్మేస్తుంది.

మెడికల్ దుకాణం చుక్కల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. ఎరుపు తొందరగా తగ్గించే చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఒక్క రోజులో కన్ను తెల్లబడుతుంది, మనకు "మంచి మందు" అనిపిస్తుంది. లోపల పుండు ఉంటే ఆ మందుతోనే అది మండిపోతుంది. నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లం రెండూ రావచ్చు. డాక్టరు అదే మందు రాసినప్పుడు ఎన్ని రోజులు, ఎట్లా తగ్గించాలి అని లెక్క రాస్తాడు. పాత సీసా తీసి పక్కింటివాళ్లకు ఇవ్వడం, పోయినసారి చీటీతో మళ్లీ కొనడం మానుకోండి.

షుగరు ఉన్నవాళ్లు చూపు బాగున్నా ఏడాదికి ఒకసారి వెనక తెర చూపించుకోవాలి. చూపు తగ్గాక పోతే ఆలస్యమే. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు, కొత్తగా నల్లని చుక్కలు, పక్క నుంచి తెర జారినట్టు అనిపిస్తే ఆ రోజే పోవాలి. చంటిపిల్లల కనుపాపలో పిల్లి కన్నులా తెల్లగా మెరిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మెల్లకన్నును అదృష్టమని వదిలేయవద్దు. ఏడెనిమిదేళ్ల లోపు వైద్యం జరగకపోతే ఆ కన్ను చూడడమే నేర్చుకోదు.

డబ్బు, సెలవు

ఈ.ఎస్.ఐ. కార్డు ఉంటే మీకూ మీ మీద ఆధారపడిన కుటుంబానికీ కంటి వైద్యం అందులోనే వస్తుంది. డిస్పెన్సరీ డాక్టరు చేత చీటీ రాయించుకుని పెద్దాసుపత్రి కంటి విభాగానికి పోవాలి. పనిలో కంటికి దెబ్బ తగిలితే ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా తగిలిందో దవాఖాన కాగితంలో రాయించండి. "ఇంట్లో జారిపడ్డానని రాయించు" అని ఎవరు చెప్పినా వినవద్దు. తర్వాత అంగవైకల్యం భత్యం రావాలంటే ఆ కాగితమే ఆధారం. కార్డు లేనివాళ్లకు సివిల్ ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్ ఉచితం. 1976 నుంచి నడుస్తున్న జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కిందే అది జరుగుతుంది.

ఒక రోజు కూలి పోతుందనేదే మనల్ని ఆపుతోంది. అది నిజమైన ఇబ్బందే, కాదనను. అందుకే వాడలో నలుగురైదుగురు కలిసి ఒకే రోజు పోవడం మంచిది. ఒక చదువుకున్న పిల్లనో పిల్లవాడినో తోడు తీసుకపోతే చీటీలు చదువుతారు, చుక్కలు వేశాక ఇంటికి చేరుస్తారు. పోయేటప్పుడు పాత చష్మా, పాత చీటీలు, వాడుతున్న మందుల సీసాలు సంచిలో పెట్టుకోండి. షుగరు, బీపీ మందుల పేర్లు కూడా.

ఈ పేజీ చదివినవాళ్లు ఈ వారంలో ఇంట్లో ఒక పని చేయండి. అమ్మనూ నాయిననూ కూర్చోబెట్టి, ఒక కన్ను అరచేత్తో మూసి గోడ మీది క్యాలెండర్ చదివించండి. తర్వాత రెండో కన్ను. ఒక కన్ను పోయిన సంగతి చాలామందికి ఇంకో కన్ను మూసుకున్న రోజే తెలుస్తుంది. తేడా కనబడితే మూడో తలుపుకే పోండి.

వచ్చే నెల దూది ధూళి, దగ్గు గురించి రాస్తాను. మీ ప్రశ్నలు ఎప్పటిలాగే పత్రిక పెట్టెలో వేయండి.